ఎండాకాలంలో చెన్నపట్నం రెండు రోజులు: బకింగ్‌హామ్ కాలువ దారి పట్టుకుని

వేసవి సెలవుల్లో చెన్నై చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఒకే పొరపాటు చేస్తారు. కారు మాట్లాడుకుని పొద్దున 10 గంటలకు బయల్దేరతారు. మ్యాపులో గుర్తు పెట్టుకున్న చోట్లన్నీ తిరుగుతూ సగం పొద్దు సిగ్నళ్ల దగ్గరే గడిపేస్తారు. మధ్యాహ్నానికి గుళ్లు మూసేసి ఉంటాయి, పిల్లలు వాడిపోయి ఉంటారు. ఈ ఊరిని సముద్రం వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి పొడవుగా చూడాలి. తీరానికి కాస్త లోపలగా, సముద్రానికి సమాంతరంగా ఒక కాలువ పోతుంది. ఊరి నడిమధ్యలో ఆ కాలువను అంటుకునే ఒక రైలు దారి ఉంది. ఈ రెంటినీ వదలకుండా పట్టుకుంటే చూడవలసిన పాత ఊరంతా రెండు రోజుల్లో చేతికందుతుంది, కారు అవసరం ఒక్క పూటకు మించి రాదు.

ఆ కాలువ మనకు కొత్తది కాదు. 1806లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించాడు. ఆ తర్వాత అది ప్రభుత్వం చేతికి వచ్చి, ఉత్తరంగా పులికాట్ మీదుగా, నెల్లూరు తీరం పొడవునా పెదగంజాం దాకా సాగి, అక్కడ కృష్ణా కాలువల్లో కలిసింది. దక్షిణాన మరక్కాణం దాకా వెళ్లింది. మొత్తం పొడవు సుమారు 420 కిలోమీటర్లు, అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రలోనే. శ్రీహరికోట అడవి కట్టెలు, తీరంలోని కొఠార్ల ఉప్పు పడవల మీద మద్రాసు చేరింది ఈ దారినే. సెంట్రల్ స్టేషన్ పక్కన సరుకుల యార్డును ఇప్పటికీ సాల్ట్ కొటార్స్ అంటారు. మన కొఠారు మాటే అది.

ఊరి మధ్యలో కూవం నదికీ అడయారు నదికీ నడుమ ఉన్న సుమారు 8 కిలోమీటర్ల ముక్క మాత్రం చాలాకాలం లేదు. దాన్ని 1877–78లో, ధాత కరువు రోజుల్లో, కరువు పనుల కింద తవ్వించారు. ఆకలికి తాళలేక పట్నం చేరిన జనం తట్ట పట్టి తీసిన మట్టి అది. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు కాలువ మొత్తానికి స్థిరపడింది. మీరు రైల్లో చూడబోయేది సరిగ్గా ఈ ముక్కనే. కిటికీలోంచి చూసేటప్పుడు ఆ సంగతి గుర్తుంటే ఆ చూపు వేరుగా ఉంటుంది.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఊళ్లో ఈ కాలువ మీద పడవ షికారు లేదు. నీళ్లు మురుగువి. వేసవిలో ఎగువ నుంచి ప్రవాహం ఉండదు, కూవం, అడయారు నదుల నోళ్లకు ఇసుక మేట అడ్డుపడి ఆటుపోట్లు లోపలికి సరిగా రావు. కదలని మురుగులో ప్రాణవాయువు అయిపోయి కుళ్లు వాసన లేస్తుంది, మిట్టమధ్యాహ్నం అది మరీ ఎక్కువ. అందుకే ఊళ్లో కాలువను రైలు మీంచి చూడాలి, పడవ సరదా ఊరు దాటాక, దక్షిణాన ఉన్న ముట్టుకాడులో తీర్చుకోవాలి.

ఏ రోజులు ఎంచుకోవాలి

బుధ, గురువారాలు అన్నిటికన్నా అనుకూలం. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం, సెయింట్ జార్జ్ కోటలోని మ్యూజియం రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. ముట్టుకాడు దగ్గరి పాత ఇళ్ల ప్రదర్శనశాల దక్షిణచిత్ర మంగళవారం ఉండదు. మెరీనా లైట్‌హౌస్‌కు సోమవారం సెలవు. శని, ఆదివారాల్లో తీరం వెంట దక్షిణంగా పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) కార్లతో నిండిపోతుంది, పడవల దగ్గర వరస పెరుగుతుంది, ఆదివారం రైళ్లు కూడా తగ్గిస్తారు. సెలవు దొరక్క వారాంతంలోనే రావాల్సివస్తే శనివారం ఊరు చూసి, ఆదివారం తెల్లారకముందే ఈసీఆర్ వైపు వెళ్లిపోండి.

తేదీల విషయంలో పంచాంగం మాట వినండి. మే 4 నుంచి 28 దాకా కర్తరి. తమిళులు దీన్నే అగ్ని నక్షత్రం, కత్తిరి వెయిల్ అంటారు. వీలైతే ఏప్రిల్ మొదటి వారాల్లోనో, జూన్ రెండో సగంలోనో పెట్టుకోండి. చెన్నై ఎండలో ఒక కీలకం ఉంది. సముద్రపు గాలి మధ్యాహ్నానికల్లా తిరిగిందంటే ఉష్ణోగ్రత నెమ్మదిస్తుంది. పడమటి పొడిగాలి బలంగా వీచి దాన్ని అడ్డుకున్న రోజున 40 డిగ్రీలు దాటుతుంది. 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది. పొద్దున 11 గంటలకు చెట్ల ఆకులు ఇంకా పడమటి గాలికే ఊగుతుంటే ఆ రోజు మధ్యాహ్నం కార్యక్రమం రద్దు చేసుకుని గదిలోనే ఉండండి.

మే నెలలో ఇక్కడ సూర్యోదయం 5:45 ప్రాంతంలో, అస్తమయం 6:30 ప్రాంతంలో. ఆరుబయట తిరగడానికి పొద్దున 5:30 నుంచి 9:30 వరకు, సాయంత్రం 4:30 నుంచి చీకటి పడేదాకా. మిగతా పొద్దంతా కప్పు కింద గడవాలి. కింద చెప్పే ప్రయాణం మొత్తం ఈ లెక్క మీదే కట్టింది.

రైలు సంగతి

బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి దాకా సుమారు 19 కిలోమీటర్లు పోయే ఈ రైలును అధికారికంగా ఎంఆర్‌టీఎస్ అంటారు. ఆటోవాళ్లను, దారిన పోయేవాళ్లను అడిగేటప్పుడు మాత్రం ‘పరక్కుమ్ రయిల్’ అనండి, అంటే ఎగిరే రైలు. స్తంభాల మీద ఎత్తుగా పోతుంది కాబట్టి ఆ పేరు. 1995లో చేపాక్కం వరకు, 1997లో మైలాపూరు వరకు, 2007లో వేళచ్చేరి వరకు వచ్చింది. చాలాచోట్ల స్తంభాలను కాలువలోనే దింపారు, దాంతో కాలువ ఇరుకైపోయింది. పడవలు తిరిగిన దారి ఇంత సన్నగిల్లిందేమని చూసినవాళ్లకు బాధ కలగడం సహజం.

సెంట్రల్‌లో దిగినవాళ్లు సబ్‌వే గుండా రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషన్‌కు రావాలి. అక్కడ పొరపాటు జరిగేది పేర్ల దగ్గర. ‘చెన్నై పార్క్’ అనేది తాంబరం వైపు పోయే లోకల్ రైళ్ల స్టేషన్, ‘పార్క్ టౌన్’ ఎగిరే రైలుది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. బోర్డు చదివి ఎక్కండి. టికెట్టు ఐదు, పది రూపాయల మాటే. కౌంటరు దగ్గర నోటుకు చిల్లర దొరకదు, పది రూపాయల నోట్లు కొన్ని ఉంచుకోండి. రెండు వైపులా వెళ్లేట్టయితే రిటర్న్ టికెట్టు ఒకేసారి తీసుకుంటే మళ్లీ వరసలో నిలబడే పని ఉండదు.

దక్షిణంగా పోయేటప్పుడు ఎడమవైపు కిటికీ పట్టుకోండి. చింతాద్రిపేట దాటాక కూవం, ఆ తర్వాత చేపాక్కం స్టేడియం, ఇళ్ల కప్పుల మీదుగా సముద్రపు గీత, ఎర్రటి చారల లైట్‌హౌస్ వరసగా వస్తాయి. కాలువ నీళ్లు చూడాలంటే చేపాక్కం నుంచి మందవెల్లి దాకా తలుపు దగ్గర కాస్త కిందికి చూడాలి. తలుపులు మూసుకోవు, పిల్లల చెయ్యి వదలకండి. గ్రీన్‌వేస్ రోడ్ దాటగానే అడయారు నది మీద వంతెన వస్తుంది, మొత్తం దారిలో కన్ను నిండే చోటు అదే.

స్టేషన్లు చాలా పెద్దవి, చాలా ఖాళీగా ఉంటాయి. ఎస్కలేటర్లు పనిచేస్తాయన్న భరోసా పెట్టుకోవద్దు, ప్లాట్‌ఫాం దాకా రెండు మూడు అంతస్తుల మెట్లు ఎక్కాల్సి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఒక్కో పూటకు ఒక్కసారి కన్నా ఎక్కువ ఎక్కించకండి. మిట్టమధ్యాహ్నం, రాత్రి 9 దాటాక కొన్ని స్టేషన్లలో మనుషులే కనపడరు. ఆ వేళల్లో ఆటో మేలు. ఆటోకు ఫోను యాప్‌లో ధర చూసుకుని ఎక్కండి, లేదా ఎక్కకముందే మాట తెగ్గొట్టుకోండి. ఆడవాళ్లకు ఊళ్లోని సాధారణ సిటీ బస్సుల్లో టికెట్టు లేదు.

బస తిరువల్లిక్కేణిలోనో మైలాపూరులోనో చూసుకుంటే రెండు పొద్దుల నడక ఇంటి ముంగిట్లో మొదలైనట్టే. ఒక్క పగలే ఉండేవాళ్లు సామాను సెంట్రల్‌లోని క్లోక్‌రూమ్‌లో పెట్టొచ్చు. సంచికి తాళం లేకపోతే తీసుకోరు, ప్రయాణం టికెట్టు చూపించాలి.

మొదటి రోజు

పొద్దున 6 గంటలకల్లా తిరువల్లిక్కేణి స్టేషన్‌లో దిగండి. పార్థసారథి గుడికి పది, పదిహేను నిమిషాల నడక. పల్లవుల నాటి గుడి, పల్లవ రాజు దంతివర్మ శాసనం ఉంది. గర్భగుడిలో స్వామికి మీసాలుంటాయి, ముఖం మీద భీష్ముడి బాణాల గుర్తులుంటాయి, చేతిలో శంఖమే గాని చక్రం ఉండదు. యుద్ధంలో ఆయుధం పట్టనన్న సారథి కదా. మే నెలలో గుడి రాతి నేల 9:30 తర్వాత కాళ్లు కాలుస్తుంది. సాక్సుల జత ఒకటి సంచిలో వేసుకుంటే ప్రదక్షిణ చేయగలుగుతారు. నిక్కర్లతో రావద్దు.

గుడి దాటి సముద్రం వైపు నడిస్తే ముందు కాలువ, తర్వాత మెరీనా. 8 గంటల లోపు ఇసుక మీద నడవొచ్చు. సముద్రంలో దిగి స్నానం మాత్రం వద్దు, ఇక్కడ అడుగున లాగే ప్రవాహం బలమైంది, ఈత నిషేధం. బీచ్ రోడ్డు మీద ఉత్తరంగా నడుస్తూ ఐస్‌హౌస్ (బోస్టన్ నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలను దాచడానికి 1842లో కట్టింది, 1897లో వివేకానందుడు బస చేసింది ఇక్కడే), ప్రెసిడెన్సీ కాలేజీ, 1768 నాటి చేపాక్కం నవాబు కోట, 1879లో పూర్తయిన సెనేట్ హౌస్ బయటినుంచి చూసుకోవాలి. ఇవన్నీ తూర్పు ముఖంగా ఉంటాయి, ఫొటోకు పొద్దుటి ఎండే కావాలి. సాయంత్రం తీస్తే నల్లగా వస్తాయి.

9:30కి ఎండ ముదిరేసరికి చేపాక్కంలో రైలెక్కి పార్క్ టౌన్, అక్కణ్ణుంచి మెట్రోలో ఎగ్మూరు. 1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియంకు రెండున్నర గంటలు కేటాయించండి. తెలుగువాళ్లు అమరావతి శిల్పాల గదితోనే మొదలుపెట్టాలి, అలసిపోకముందే. ఆంగ్ల అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకు తరలించిన పలకల్లో చాలా భాగం తర్వాత లండన్ వెళ్లిపోయాయి. ఇక్కడ మిగిలినవి, ఆ తర్వాత చేరినవి కలిసి ఈ గదిలో ఉన్నాయి. పలకలను ఎదురుగా నిలబడి కాకుండా పక్కనుంచి వాలుగా చూడండి, లోతు తక్కువ చెక్కడం వెలుగు వాటంలోనే తేలుతుంది. గుంటూరు సున్నపురాయి మీద అంత పల్చటి చీర మడతలు ఎలా తీశారో అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత కంచు విగ్రహాలు. మిగిలిన జంతువుల గదులు పిల్లల ఇష్టం.

భోజనం చేసి 3 గంటల దాకా గదిలో పడుకోండి. ఇది బద్ధకం కాదు, ప్రయాణంలో ఒక భాగం. మూడున్నరకు చెన్నై ఫోర్ట్ స్టేషన్‌లో దిగి సెయింట్ జార్జ్ కోటకు వెళ్లాలి. సచివాలయం లోపలే ఉంది కాబట్టి గుర్తింపు కార్డు చూస్తారు, సంచులు వెతుకుతారు, పెద్ద సామాను తీసుకెళ్లవద్దు. దామెర్ల నాయకుల దగ్గర 1639లో ఆంగ్లేయులు పుచ్చుకున్న నేల ఇది, ఆ దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అయింది. మ్యూజియం 5 గంటలకు మూస్తారు, ముందు అందులోకే వెళ్లండి. 1947 ఆగస్టు 15న కోట మీద ఎగరేసిన జాతీయ జెండా అక్కడ భద్రంగా ఉంది. తర్వాత 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి. రాబర్ట్ క్లైవ్ పెళ్లి 1753లో జరిగింది ఇందులోనే.

రెండో రోజు

మైలాపూరు ఊరు లేచే వేళకు అక్కడుండాలి. తిరుమయిలై స్టేషన్ నుంచి కపాలీశ్వరుడి కోనేరు పది నిమిషాలు. గుడి మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు మూస్తారు, కానీ అసలు వేళ 6 నుంచి 7:30. పాత గుడి సముద్రం ఒడ్డున ఉండేదని, పోర్చుగీసువాళ్ల కాలంలో పోయిందని చెబుతారు, ఇప్పటిది ఆ తర్వాత లోపలికి జరిపి కట్టింది. మాడవీధుల్లో పొంగల్, వడ, కాఫీ అయ్యాక లజ్ వైపు నడవండి.

లజ్ చర్చి రోడ్డులో నాగేశ్వరరావు పార్కు ఉంది. అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీది తోట. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం మీద సంతకాలు జరిగిన ఇల్లు ఆయనదే, ఈ చుట్టుపక్కలే. పొద్దున పార్కు చెట్ల కింద అరగంట కూర్చుని, రాయపేట హై రోడ్డు 126వ నంబరుకు వెళ్లండి. 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 వరకు పొట్టి శ్రీరాములు గారు అన్నం ముట్టకుండా ప్రాణం విడిచిన చోటు అది, అప్పుడది బులుసు సాంబమూర్తి గారి ఇల్లు, ఇప్పుడు స్మారక భవనం. పొద్దున్నే తలుపు తీసే ఉంటుందని అనుకోవద్దు. గేటు మూసి ఉన్నా ఆగి ఒక దండం పెట్టి కదలాల్సిన గుమ్మం.

9:15కు తిరుమయిలైలో రైలెక్కి తిరువాన్మియూర్‌లో దిగండి. అక్కణ్ణుంచి ఆటోలో బస్టాండుకు చేరి, ఈసీఆర్ మీద కోవళం, మామల్లపురం వైపు పోయే బస్సు పట్టుకోవాలి. నలుగురున్న కుటుంబమైతే ఈ ఒక్క పూటకు కారు మాట్లాడుకోవడమే తెలివి, ఎండలో బస్సు కోసం నిలబడ్డ అరగంట మిగతా రోజును తినేస్తుంది.

ఎండ వేళను దక్షిణచిత్రలో గడపండి, పొద్దున 10 నుంచి సాయంత్రం 6 దాకా తెరిచే ఉంటుంది. దక్షిణాది పాత ఇళ్లను ఊళ్ల నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన చోటిది. ఉత్తరాంధ్ర చుట్టిల్లు, నల్గొండ చేనేత ఇల్లు ఉన్నాయి. చుట్టిల్లు లోపలికి వంగి వెళ్లి ఒక నిమిషం నిలబడండి. మందపాటి మట్టిగోడ, కిందికి దిగిన తాటాకు కప్పు వల్ల బయటికీ లోపలికీ ఎంత తేడా ఉందో ఒంటికే తెలుస్తుంది. తుపాను గాలి గుండ్రటి గోడను చుట్టుకుపోతుంది, మూల దొరక్క కప్పు లేపలేదు. అక్కడే భోజనం దొరుకుతుంది.

సాయంత్రం 4 గంటలకు దగ్గర్లోని ముట్టుకాడు పడవల రేవుకు వెళ్లండి. బకింగ్‌హామ్ కాలువ ఇక్కడ కోవళం కయ్యలో (సముద్రపు పాయలో) కలిసి వెడల్పాటి ఉప్పునీటి మడుగు అవుతుంది. తొక్కుడు పడవ, తెడ్డు పడవ, మోటారు పడవ ఉంటాయి. పిల్లలుంటే మోటారు పడవ తీసుకోండి, ఎదురుగాలిలో తొక్కుడు పడవ ముందుకు సాగక కాళ్లు పట్టేస్తాయి. వేసవిలో కయ్య నోటికి ఇసుక మేట పడి నీటిమట్టం తగ్గితే కొన్ని పడవలు ఆపుతారు, టికెట్టు కొనేముందే ఏవి తిరుగుతున్నాయో అడగండి. లైఫ్ జాకెట్ నడుము పట్టీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం మీదికి వచ్చిందంటే అది ఆ పిల్లకు వదులు, చిన్నది అడిగి తీసుకోండి.

మూడో రోజు ఒక పూట మిగిలితేనే మామల్లపురం, అదీ తెల్లవారుజామున బయల్దేరి. పంచరథాలు, తీరాలయం ఉదయం 6కే తెరుస్తారు. ఒక్కరికి 40 రూపాయల టికెట్టు రెండు చోట్లా చెల్లుతుంది, 15 ఏళ్ల లోపు పిల్లలకు లేదు. గ్రానైటు రాయి, నీడ అసలే లేదు, 9కి ముగించాలి. తిరిగొచ్చేముందు తిరుక్కళుకుండ్రం రోడ్డులో కాలువ మీది వంతెన దాకా వెళ్లి చూడండి. ఊళ్లో చూసిన కాలువే ఇక్కడ వెడల్పుగా, ఆకాశం రంగులో ఉంటుంది. ఆ పడమటి వైపునే సగంలో ఆగిపోయిన పిడారి రథాలున్నాయి, ఉలి గుర్తులు రాతి మీద అలాగే ఉన్నాయి.

ఎండ విషయంలో జాగ్రత్త

ఇక్కడి ఎండ రాయలసీమ ఎండలాంటిది కాదు. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. దాహం వేయకపోయినా ఒక్కొక్కరు రోజుకు 3 లీటర్ల నీళ్లు తాగాలి. ఉత్త నీళ్లే తాగుతుంటే ఉప్పు తగ్గి పిక్కలు పట్టేస్తాయి. రోజులో రెండుసార్లు ఉప్పు వేసిన నిమ్మరసమో మజ్జిగో పడాలి, మజ్జిగను ఇక్కడ ‘మోరు’ అని అడగండి. తాటిముంజలు ‘నుంగు’. ముంజలు కళ్లముందే కాయ కొట్టి ఇచ్చేవి కొనండి, ముందే తీసి నీళ్లలో వేసి ఉంచినవి వద్దు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో ఉండాలి. ఒక పొట్లానికి పొట్లం మీద రాసినన్ని నీళ్లే, సాధారణంగా ఒక లీటరు. చిక్కగా కలిపితే మేలు కన్నా కీడు.

తల తిరుగుతుంది, వాంతి వస్తోంది అంటే నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, మెడ, చంకలు తడిబట్టతో తుడవండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బే. నీళ్లు నోట్లో పోయకుండా, ఒంటి మీద నీళ్లు చల్లి విసురుతూ 108కి ఫోన్ చేయండి.